ఆరు పచ్చ క్యాపులు

మీటరు మీద అంకె డెబ్బై తొమ్మిది దగ్గర నిలబడిపోయింది.

మేస్త్రి అద్దం మీద వేలితో తట్టి చూశాడు. మిషను ఆపి మళ్ళీ వేశాడు. కంప్రెషరు గుర్రుమని లేచింది, పైపులు బిగుసుకున్నాయి, అంకె మాత్రం కదల్లేదు. రెండేళ్ళుగా పొద్దున్నే షట్టరెత్తి అతను ముందు చూసేది దాన్నే. తొంభై అయిదు ఉండాలి. తొంభై నాలుగైనా పరవాలేదు. డెబ్బై తొమ్మిది అంటే ఏమిటో ఏడో తరగతి దాటని అతనికి కూడా తెలుసు. మిషను బిగించడానికి వచ్చిన కంపెనీ మెకానిక్ చెప్పి వెళ్ళాడు. మామూలు గాలిలోనే నూటికి డెబ్బై ఎనిమిది పాళ్ళు నైట్రోజన్ ఉంటుందట. మిషను లోపలి గొట్టం మిగతాదాన్ని వడకట్టి బయటికి తోసేస్తుందట. ఆ గొట్టం చచ్చిందన్నమాట.

గోడకి రెండు పైపులు చుట్టలు చుట్టుకుని వేలాడుతున్నాయి. నల్లది మామూలు గాలి, ఊరికే కొడతారు. పచ్చది నైట్రోజన్, చక్రానికింత అని తీసుకుంటారు. ఈ పొద్దుటి నుంచి రెండింట్లోనూ వచ్చేది ఒకటే.

ఓనరు మేడ మీద నుంచి దిగి వచ్చాడు. మీటరు చూశాడు, మేస్త్రి మొహం చూశాడు.

"పార్టు కంపెనీ నుంచి రావాలి. నాలుగు రోజులు పడుతుంది."

"మరి పచ్చ పైపు ఆపేద్దామాండీ?"

"ఎందుకాపడం? అందులో వచ్చేది నైట్రోజన్ కాదా? డెబ్బై తొమ్మిది పాళ్ళు అదేగా."

"మిగతా ఇరవై ఒకటీ?"

"అది మనం ఫ్రీగా ఇస్తున్నాం అనుకో."

ఓనరు తన జోకుకి తనే నవ్వుకుని, ట్యూబుల డబ్బా పక్క చింపి, ఆ అట్టముక్కని మీటరు మీద పెట్టి నాలుగు వైపులా టేపు వేశాడు. నున్నగా, గాలిబుడగ లేకుండా వేశాడు. ఎన్నడూ పానా పట్టని చేతికి ఇంత పనితనం ఎక్కడ నుంచి వచ్చిందా అనుకున్నాడు మేస్త్రి.

ఆ రోజు మొదటి బండి కళ్ళద్దాల టీచరమ్మది. చిన్న కారు. ఆవిడ దిగి రెండు పైపులనీ మార్చి మార్చి చూసింది.

"నిజంగా తేడా ఉందా? మీ సొంత బండికైతే మీరు ఏది కొట్టించుకుంటారు?"

"నాది సైకిలమ్మా."

ఆవిడ నవ్వింది. ఓనరు కౌంటరు దగ్గర తలెత్తాడు. మేస్త్రి పచ్చ పైపు దించాడు. నైట్రోజన్ పట్టాలంటే ముందు టైర్లో ఉన్న గాలంతా వదిలెయ్యాలి. వాల్వు లోపలి పిన్ను తిప్పి తీశాడు, గాలి బుస్సుమంటూ అతని మణికట్టు మీదుగా పోయింది. టైరు కిందికి కుంగింది. ఉన్న గాలి తీసి అదే గాలి పెట్టడానికి ఒక్కో చక్రానికి అయిదు నిమిషాలు. నాలుగు చక్రాలకీ ఆకుపచ్చ క్యాపులు బిగించి లేచేసరికి నడుం పట్టేసింది.

"మూడు నెలలు మర్చిపోండమ్మా," అన్నాడు.

ఆ మాట ఓనరు నేర్పింది. రెండేళ్ళలో ఎన్ని వేల సార్లు అన్నాడో లెక్కలేదు. ఇప్పుడది తుమ్ములాగా దానంతటదే వస్తుంది.

"స్టెప్నీ ఇంట్లో ఉండిపోయింది. గురువారం పొద్దున్నే స్కూలుకి వెళ్తూ తెస్తాను," అని టీచరమ్మ కారెక్కింది.

*

మంగళవారం మధ్యాహ్నం బావమరిది వ్యాను వచ్చింది.

వారానికి మూడు రోజులు కొండ దిగి ఆసుపత్రికి వెళ్ళి వచ్చే వ్యాను అది. కిడ్నీలు చెడినవాళ్ళు నలుగురు, పొద్దున ఏడున్నరకి డయాలిసిస్ మిషను మీద పడుకుని మధ్యాహ్నానికి లేస్తారు. ఆ నలుగురిలో బావమరిది తల్లి, అంటే మేస్త్రి అత్తగారు, ఒకరు. ఎప్పుడూ వెనక సీట్లో, కుడి వైపు కిటికీ దగ్గర. తక్కిన ముగ్గురూ వాడిపోయిన ఆకుల్లా తలలు వాల్చేశారు. ఆవిడ మాత్రం అద్దం జరిపి తల బయటికి పెట్టింది.

"అల్లుడూ, ఈ సీటు కింద ఏదో తూలుతోందయ్యా. మూడు వారాలుగా చెబుతున్నా, వీడు వినడు."

"అమ్మా, మిషను దిగాక నీకు లోకమంతా తూలుతుంది," అన్నాడు బావమరిది దిగుతూ. "బావా, ఓసారి నైట్రోజన్ చూసెయ్. త్వరగా. వీళ్ళు కూర్చోలేరు."

వ్యానుకి వెనక రెండు వైపులా జంట చక్రాలు. బయటిది కనపడుతుంది, లోపలిది కనపడదు. లోపలి దాని వాల్వు చెయ్యి దూరడం కష్టమైన చోట ఉంటుంది. అందుకని దానికి జానెడు తీగపైపు తగిలించి, చివర బయటికి లాగి, దానికీ పచ్చ క్యాపు పెట్టాడు మేస్త్రి, కిందటేడు. ఓనరు చెప్పాడు, పెట్టాడు. ఆరు చక్రాలకీ ఆరు పచ్చ క్యాపులు బయటికి కనపడితే ఆసుపత్రి వాళ్ళకి కంటికి బాగుంటుందట.

కుడి వెనక లోపలి దానికి గేజీ పెట్టాడు. అరవై అయిదు ఉండాల్సింది నలభై చూపించింది. మళ్ళీ పెట్టాడు. నలభయ్యే. ఉమ్మి తడి వేలికి రాసుకుని తీగపైపు మొదట్లో, బిగింపు దగ్గర అద్దాడు. ఆవగింజంత బుడగ లేచి పగిలింది. ఇంకొకటి లేచింది.

మేస్త్రి అలాగే గొంతుక్కూర్చున్నాడు. తీగపైపు తగిలించి ఉన్నంతసేపూ వాల్వు పిన్ను నొక్కుకునే ఉంటుంది. పైపు కారితే టైరు కారినట్టే. పైపు పీకేస్తే వాల్వు తనంతట తనే మూసుకుంటుంది. పదిహేను నిమిషాల పని.

"ఒరేయ్, బండి కాసేపు వదులు. ఈ పైపు తీసేస్తాను."

"ఇప్పుడా? ఆ వెనక పెద్దాయన వాంతి వస్తోందంటున్నాడు. గాలి పట్టెయ్ చాలు. మూడు నెలలు మర్చిపొమ్మన్నావు, నెలన్నర కాలేదు."

వెనక నీడ పడింది. ఓనరు వచ్చి నిలబడ్డాడు.

"ఏంటి మేస్త్రీ సంగతి?"

"లోపలి దాంట్లో తగ్గిందండి."

"నైట్రోజన్ తగ్గదే." ఓనరు బావమరిది వైపు తిరిగి నవ్వాడు. "మీ బావకి చాదస్తం. పాతకాలం మనిషి. ఎండకి ఆ మాత్రం అటూ ఇటూ ఉంటుంది బాబూ. నింపి పంపించు మేస్త్రీ."

కారుతున్నది పైపు అని చెప్పాలి. పైపు పెట్టింది తనే అని చెప్పాలి. అప్పుడు అసలు ఈ గాలి కూడా నైట్రోజన్ కాదని, అట్టముక్క వెనక ఏముందో చెప్పాలి. ఒక దారం లాగితే చొక్కా అంతా ఊడేటట్టుంది. మేస్త్రి పచ్చ పైపు తగిలించి అరవై అయిదు దాకా నింపి, క్యాపు బిగించి, లేచి పక్కకి జరిగాడు.

వ్యాను కదిలింది. కిటికీలోంచి అత్తగారు అతన్నే చూస్తోంది.  

*

షాపుకి ముందు రోడ్డు మీద స్పీడు బ్రేకరుంది. ముప్పై ఏళ్ళుగా దాని మీద ఎక్కి దిగే బండ్ల మోత వింటూ బతికాడు మేస్త్రి. నిండుగా ఉన్న చక్రం గట్టు మీద ఎగిరి ఠంగుమని పడుతుంది. గాలి తగ్గింది దబ్బుమంటుంది, తడిబట్ట బండ మీద వేసినట్టు. జంటలో ఒకటి తగ్గితే రెండు మోతలూ వెంట వెంటనే వస్తాయి, ముందు గట్టిది, దాని వెనక మెత్తది.

బుధవారం పదకొండింటికి, ఒక లారీ చక్రం ఊడదీస్తుండగా ఆ మోత వినిపించింది. తల తిప్పేసరికి బావమరిది వ్యాను, ఖాళీది, కడిగించడానికి పోతోంది. మేస్త్రి లీవరు పట్టుకునే లేచి చెయ్యి ఊపాడు. ఆగమని. బావమరిది పలకరింపనుకుని తనూ చెయ్యి ఊపి, హారను కొట్టి పోయాడు. కుడి వెనక చక్రాలు చూడ్డానికి ఎంత ముద్దుగా ఉన్నాయో. బయటిది బరువంతా మోస్తుంటే లోపలిది దాని పక్కన నిలబడి ఉంది, పని చెయ్యని ఉద్యోగిలాగా. రెండింటికీ పచ్చ క్యాపులు.

రేపు పొద్దున కొండ దిగుడు. ఏడు మలుపులు. నలుగురు మనుషుల బరువూ బండి బరువూ బయటి చక్రం ఒక్కటే మోస్తూ, బ్రేకు వేడికి కాగుతూ. మేస్త్రి చేతిలోని లీవరు జారి కాలి పక్కన పడింది.

"నిద్రపోతున్నావా మేస్త్రీ?" అన్నాడు ఓనరు కౌంటరు నుంచి.

ఒకప్పుడు డ్రైవరన్నవాడు పొద్దున్నే రాడ్డు పుచ్చుకుని చక్రం చుట్టూ తిరిగి ఒక్కో దెబ్బ కొట్టకుండా బండెక్కేవాడు కాదు. పచ్చ క్యాపు వచ్చాక ఆ రాడ్లన్నీ సీట్ల కింద తుప్పు పట్టాయి. క్యాపు ఉంటే చాలు, లోపల ఏముందో ఎవడికీ అక్కర్లేదు. ఆ అక్కర్లేదన్న మాట మనుషుల బుర్రల్లోకి ఎక్కించింది ఎవరు? ఓనరా? ఓనరుకి ఏ డ్రైవరుతోనూ మాటల్లేవు. అందరూ అడిగింది మేస్త్రినే. మేస్త్రి చెప్పాడంటే నిజమే అనుకున్నారు.

సాయంత్రం ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని గుమ్మంలోనే కూలబడ్డాడు. భార్య ఉతికిన బట్టలు మడత పెడుతోంది.

"మీ తమ్ముడి బండి వెనక చక్రం కారుతోంది," అన్నాడు.

"చెప్పకపోయారా?"

"చెబితే అన్నీ చెప్పాలి."

అన్నీ అంటే ఏమిటో చెప్పాడు. మీటరు, అట్టముక్క, మూడు నెలల మాట. ఆవిడ చేతిలో చొక్కా మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ పెట్టింది.

"వాడి సంగతి మీకు తెలుసు. వింటే ఊరుకోడు. నేరుగా వెళ్ళి మీ ఓనరు చొక్కా పట్టుకుంటాడు. తర్వాత మీ గతేంటి? యాభై రెండేళ్ళ వాణ్ణి ఏ షాపులో పెట్టుకుంటారు?"

"అదేగా."

"ఫోను చేసి ఊరికే చక్రం చూసుకోమనండి. నైట్రోజన్ సంగతి ఎత్తొద్దు."

చేశాడు. "బావా, ఓనరు గారు చెప్పారుగా నీకు చాదస్తమని. పడుకో. నేను నాలుగున్నరకి లేవాలి," అని పెట్టేశాడు బావమరిది.

మింగలేక కక్కలేక అన్నం ముందు కూర్చున్నాడు. భార్య వడ్డించి ఎదురుగా కూర్చుంది. ఆవిడ తల్లి కూర్చునేది ఆ చక్రం మీదే. 

కంచం తీస్తూ ఆవిడ అంది: "నాలుగింటికి లేపనా?"

*

వ్యాను బావమరిది ఇంటి ముందు వీధి దీపం కింద ఉంది. తెల్లవారుతోంది. మేస్త్రి సైకిలు గోడకి ఆనించి, క్యారియరు నుంచి గేజీ, తన రాడ్డు తీసి, వంగి, లోపలి చక్రానికి గేజీ పెట్టి చూసి, వ్యాను కింద నుంచి చెయ్యి పోనిచ్చి దాని మీద ఒక్క దెబ్బ కొట్టాడు.

దబ్.

తలుపు తెరుచుకుంది. బావమరిది చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. "బావా? ఏం చేస్తున్నావు నా బండి కింద?"

"గేజీ పెట్టాను. ముప్పై కూడా లేదు. దించొద్దురా బండిని కొండ."

"మొన్నేగా నింపావు. నైట్రోజన్..."

"నైట్రోజన్ కాదది." మేస్త్రి లేచి నిలబడ్డాడు. "మిషను సోమవారం చెడింది. నీకు పట్టింది ఉత్త గాలి. అదొక్కటే అయితే కొంప మునగదు. నేను పెట్టిన తీగపైపు కారుతోంది, రోజురోజుకీ ఎక్కువవుతోంది. మంగళవారమే చూశాను. చూసి పంపించాను."

బావమరిది గుండీ మీద చెయ్యి ఆగిపోయింది.

"ఇంకా విను. మూడు నెలలు మర్చిపొమ్మన్నానే, అదీ అబద్ధమే. అసలు నైట్రోజన్ అయినా సరే, మర్చిపోడానికి లేదు. కాస్త నిదానంగా దిగుతుంది, అంతే. నన్ను అనమన్నారు, అన్నాను."

"ఊళ్ళోవాళ్ళకి అన్నావు సరే. నాకూ అన్నావా?"

"ఒక నోటితో రెండు మాటలు చెప్పడం నాకు చేతకాలేదు."

"ఆహా. అందుకని అందరికీ ఒకటే అబద్ధం." బావమరిది గొంతు తగ్గింది. అరిస్తేనే నయం, వాడు గొంతు తగ్గిస్తే ప్రమాదం. "టైమెంతో తెలుసా? అయిదున్నర. ముగ్గుర్ని ఎక్కించుకోవాలి. ఏడున్నర దాటితే మిషను వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. సాయంత్రం దాకా వీళ్ళు ఒళ్ళంతా నీరెక్కి కూర్చోవాలి. మొన్న చెప్పింది అబద్ధమైతే ఇవాళ చెప్పేది నిజమని నాకేంటి గ్యారంటీ?"

 మేస్త్రి రాడ్డు తిప్పి, పట్టుకునే వైపు వాడికి అందించాడు.

"నన్ను నమ్మకు. కొట్టి చూసుకో."

బావమరిది రాడ్డు తీసుకున్నాడు. వంగి లోపలి దాన్ని కొట్టాడు, బయటి దాన్ని కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. రెండేళ్ళుగా బండి నడుపుతున్నాడు కానీ చక్రం ఎలా మోగాలో వాడికి ఎవరూ చెప్పలేదు. మొహం చిట్లించి మేస్త్రి వైపు చూశాడు. రెండూ ఒకటేలా ఉన్నాయని అనబోతున్నాడు.

"ఎన్నిసార్లు కొడతావురా, అది చచ్చిన మోత."

అత్తగారు గుమ్మంలో ఉంది. ఒంటి మీద దుప్పటి, చేతిలో ఆసుపత్రి సంచి, వాచిన పాదాలకి చెప్పులు సగమే ఎక్కాయి.

"మీ నాన్న లారీ దగ్గర తెల్లారేసరికి పది చక్రాల మోత వినేదాన్ని, పొయ్యి దగ్గర కూర్చుని. ఏది తగ్గిందో ఆయన కన్నా నేనే ముందు చెప్పేదాన్ని. మూడు వారాలుగా నా నడుం చెబుతోంది, నేను నీకు చెబుతున్నా. ఏమన్నావు? పచ్చ క్యాపు ఉందమ్మా అన్నావు." ఆవిడ అల్లుడి వైపు తిరిగింది. "మంగళవారం నీ మొహం చూశాను. తేలు కుట్టిన దొంగలా ఉన్నావు. చెబుతావేమో అని చూశాను. రెండు రోజులు పట్టిందయ్యా నీకు?"

మేస్త్రి తల వంచుకుని వ్యాను కింద దూరాడు. చక్రం కన్నంలోంచి చెయ్యి పెట్టి తీగపైపు మొదలు పట్టుకున్నాడు. తుప్పు పట్టి బిగిసిపోయింది. పట్టకారు జారి వేలి చర్మం లేచింది. మళ్ళీ పట్టాడు. మూడోసారికి బుస్సుమంటూ కదిలింది. పైపు ఊడి చేతిలోకి వచ్చింది, వాల్వు చిటుక్కుమని మూసుకుంది. బుస్సుమన్న శబ్దం తెగిపోయింది.

"షాపు దాకా మెల్లగా పోనియ్. తాళం నా దగ్గరుంది. గాలి కొడితే పది నిమిషాల్లో పంపించేస్తాను."

బావమరిది స్టీరింగు ముందు కూర్చున్నాడు. దారిలో ముగ్గురూ ఎక్కారు. అత్తగారిని సీటు మారమంటే ఆవిడ ఒప్పుకోలేదు.

*

ఆరుంబావు. పక్క పెట్రోలు బంకులో డ్యూటీ మారే టాక్సీల వాళ్ళు నలుగురైదుగురు నిలబడి కబుర్లాడుతున్నారు. షట్టరు మోతకి ఓనరు తువ్వాలు భుజాన వేసుకుని మెట్లు దిగాడు.

మేస్త్రి కంప్రెషరు వేసి వెనక్కి తిరిగేసరికి బావమరిది గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. ఇప్పుడు అడుగుతాడు. అట్టముక్క చీరేస్తాడు. 

బావమరిది నల్ల పైపు దించి అతని చేతిలో పెట్టాడు.

"అదేంటి మేస్త్రీ," అన్నాడు ఓనరు. "నైట్రోజన్ బండికి నల్ల పైపేంటి? మామూలు గాలి కలిస్తే పాడైపోదూ?"

"మా అమ్మకి పచ్చ రంగు పడదండీ," అన్నాడు బావమరిది. వంగి ఒక్కో చక్రం దగ్గరా క్యాపు విప్పుతూ వ్యాను చుట్టూ తిరిగాడు, ఊడదీసిన తీగపైపు చివరి క్యాపు కూడా తీశాడు. ఆరు పచ్చ క్యాపులు తెచ్చి కౌంటరు మీద వరసగా నిలబెట్టాడు. "నల్లవి ఆరు ఇవ్వండి."

టాక్సీ వాళ్ళు నవ్వారు. తర్వాత నవ్వు ఆగింది. ఒకడు తన బండి చక్రం వైపు చూసుకున్నాడు. అక్కడా పచ్చదే. "ఏం గురూ, సంగతేంటి?" అని అడిగాడు.  బావమరిది మేస్త్రి వైపు చెయ్యి చూపించాడు.

అరవై అయిదు. గేజీ మూడుసార్లు పెట్టి చూసి, రాడ్డుతో కొట్టి, మేస్త్రి లేచాడు. బావమరిది బండెక్కి కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

"శనివారం పొద్దున ఆ రాడ్డు తీసుకుని రా. నాకు ఆ మోత వినడం రాదు." ఇంజను స్టార్టు చేశాడు. "నీ మాట మీద నమ్మకంతో కాదు. అమ్మ చెవి మీద."

వ్యాను స్పీడు బ్రేకరెక్కింది. మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. ఠంగ్. వెనక ఇంకో మోత రాలేదు.

ఓనరు దగ్గరకి వచ్చాడు. "లోపలికి రా. మాట్లాడాలి," అన్నాడు నెమ్మదిగా.

అప్పుడే చిన్న కారు వచ్చి ఆగింది. టీచరమ్మ దిగి డిక్కీ తెరిచింది. "స్టెప్నీ తెచ్చానండీ. దీనికి కూడా నైట్రోజనే పట్టండి. మూడు నెలలు చూడక్కర్లేదుగా?"

ఓనరు అక్కడే ఉన్నాడు. టాక్సీ వాళ్ళు అక్కడే ఉన్నారు. తుమ్ములాగా దానంతటదే వచ్చే మాట నాలిక చివరికి వచ్చింది.

"మిషను చెడిందమ్మా, సోమవారం నుంచి," అన్నాడు మేస్త్రి. "మీకు పట్టింది మామూలు గాలే. అదేం చెడ్డది కాదు. కానీ ఏ గాలైనా పదిహేను రోజులకోసారి చూపించుకోవాలి. మూడు నెలలు కుదరదు. నైట్రోజనైనా కుదరదు."

టీచరమ్మ కళ్ళద్దాలు సర్దుకుంది. మొహంలో మెప్పు లేదు. "మరి ఆ రోజు ఎందుకు చెప్పారు అలా? నేను అడిగాను కదా మిమ్మల్ని. మీ బండికైతే ఏది కొట్టించుకుంటారని."

"అడిగారు."

 ఆవిడ డిక్కీ మూసి, స్టెప్నీతో సహా వెళ్ళిపోయింది. ఓనరు గోళ్ళు కౌంటరు మీద టకటకలాడాయి.

"లోపలికి రమ్మన్నాను మేస్త్రీ."

ఇందాక అడిగిన టాక్సీ అతను బండి తెచ్చి షాపు ముందు పెట్టాడు. ఇంజను ఆపాడు కానీ దిగలేదు. ఏ పైపు అని కూడా అడగలేదు. ఊరికే మేస్త్రి చేతిలోని రాడ్డు వైపు చూస్తున్నాడు.

మేస్త్రి వంగి మొదటి చక్రం మీద కొట్టి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. రెండో దానికి జరిగాడు.

"వస్తానండీ," అన్నాడు తల తిప్పకుండా. "ఇంకో మూడు చక్రాలున్నాయి."